త్రాసుకు అందని మత్తు

పేడ మీద మొలిచే సైలోసైబీ క్యూబెన్సిస్ పుట్టగొడుగు కాడను గిల్లితే కాసేపటికి అక్కడ నీలం మచ్చ తేలుతుంది. లోపలి సైలోసిన్ అనే రసాయనానికి గాలి తగిలి వచ్చే రంగది. 1958లో స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ మెక్సికో పుట్టగొడుగుల నుంచి వేరుచేసిన సైలోసైబిన్, సైలోసిన్‌లదే ఈ మత్తంతా. మిగతాది నీరూ, పీచూ. తాజా పుట్టగొడుగులో పదింట తొమ్మిది పాళ్లు నీరే.

మరి పోలీసులు తూచేది దేన్ని? మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టం కింద సైలోసైబిన్ 2 గ్రాముల లోపైతే స్వల్ప పరిమాణం, 50 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. మొదటిదానికి ఏడాది వరకు జైలు. రెండోదానికి పదేళ్లకు తగ్గదు, బెయిల్ దొరకడమూ గగనమే. కేరళలో ఒక కేసులో ఇలాంటి మత్తు పుట్టగొడుగులు (మ్యాజిక్ మష్రూమ్స్) 226 గ్రాములు, వాటి క్యాప్సూల్స్ 50 గ్రాములు పట్టుబడ్డాయి. మొత్తం బరువు చూస్తే అది వాణిజ్య పరిమాణమే. మత్తుమందులో కలిపిన ఇతర పదార్థాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అన్నది ప్రాసిక్యూషన్ మాట. పుట్టగొడుగు ఎవరో కలిపి తయారుచేసిన మిశ్రమం కాదని, ప్రకృతిలో మొలిచిన శిలీంధ్రమని 2025 జనవరిలో కేరళ హైకోర్టు తేల్చింది. అంటే చూడాల్సింది మొత్తం బరువు కాదు, లోపలి సైలోసైబిన్ ఎంతన్నది. కర్ణాటక, మద్రాస్ హైకోర్టులదీ అదే మాట. మాకూ అదే సబబనిపిస్తోంది.

లెక్క వేసి చూడండి. ఎండినదానిలో సైలోసైబిన్ ఒక శాతం అనుకుంటే 226 గ్రాములకు రెండు గ్రాముల పైచిలుకు. అదే పచ్చిదైతే పావు గ్రాము కూడా ఉండదు. ఆ ఒక శాతమూ స్థిరం కాదు. ఒకే జాతిలో, ఒకే చోట పెరిగినవాటిలోనూ తేడా ఉంటుంది. అమెరికా పడమటి తీరంలోని అజురెసెన్స్ జాతిలో దాదాపు 1.8 శాతం వరకు కనిపించింది. తినేవాడికీ తెలియని లెక్క ఇది. ఈ పుట్టగొడుగుల కోసం కొడైకెనాల్‌కు వీకెండ్ ట్రిప్ వేసే మన కుర్రకారు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది. చూపుకు ఇలాగే ఉండే గ్యాలరీనా మార్జినాటా అనే విషపు పుట్టగొడుగు తింటే కాలేయమే పోతుంది.

‘సైలోసైబిన్ ఉంది’ అని ఒక్క ముక్క రాసే ఫోరెన్సిక్ రిపోర్టు ఇక చాలదు. ఎంత శాతమో రాయాలి. సైలోసైబిన్ వేరు, సైలోసిన్ వేరుగా చూపాలి. నిల్వలో ఈ రెండూ మారిపోతాయి, తరిగిపోతాయి. కాబట్టి నమూనా నెలల తరబడి మాల్ఖానాలో (పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలో) మగ్గకూడదు. దానికి ముందు పంచనామాలో ఒక్క మాట చేర్చాలి: తూచినప్పుడు సరుకు పచ్చిదా, ఎండినదా అని.