రామిన్ ఏ ఇంటి చెట్టు?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఓ ఫోటోలు కట్టే దుకాణంలో మా నాయన ఫోటో కట్టించడానికి వెళ్లాను. దుకాణదారు ఓ తెల్లటి బద్ద తీసి చేతిలో పెట్టాడు. గీత లేదు, ముడి లేదు. వేలితో రాస్తే సబ్బుబిళ్లలా నున్నగా ఉంది.

"ఫారిన్ కట్టె సార్, రామిన్ అంటరు. పేర్లనే రాముడున్నడు. దేవుని పటాలకు దీన్ని మించింది లేదు."

ఈ సంగతి భద్రాచలంలో తెలుసా అని అడగబోయి ఆగాను. ఇంటికొచ్చి చదివితే తేలింది, రామిన్‌కు రాముడితో ఏ చుట్టరికమూ లేదు. బోర్నియో, సుమత్రా, మలయా చిత్తడి అడవుల్లో, ఆకులు అలములు కుళ్లి పేరుకున్న నల్లటి నీళ్లలో 40 మీటర్ల దాకా పెరిగే చెట్టు అది. బురదలో గాలి ఆడక వేళ్లను మోకాళ్లలా మడిచి పైకెత్తి ఊపిరి పీలుస్తుంది. మా మే నెల ఎండకు ఆ మోకాళ్లు ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

అయితే దాని అసలు కష్టం బురద కాదు, రికార్డులు. 19వ శతాబ్దంలో మికెల్ అనే డచ్ పండితుడు దాన్ని అగరు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కింద రాశాడు. మన అగరుబత్తి పేరులో ఉన్న అగరే. బంకా దీవిది కనుక 'బంకానా' అన్నాడు. తర్వాతివాళ్లు పువ్వు విప్పి చూశారు. లోపల కీలం, అంటే అండాశయం మీద లేచే సన్నటి కాడ, వంకరగా ఉంది. ఇంత వంకర అగరు ఇంటా వంటా లేదని గోనిస్టైలస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. ఆ పేరుకు అర్థమే వంకర కీలం. అదీ చాలక గోనిస్టైలేసి అనే కొత్త కుటుంబంగా వేరు కాపురమే పెట్టించారు. చివరికి థైమెలియేసి కుటుంబంలో కలిపేశారు. ఆ ఇంట్లో ముందునుంచీ ఉన్నదెవరు? అగరే.

ఇది మా జిల్లావాళ్లకు అర్థమైనంత ఇంకెవరికీ కాదు. 2016 అక్టోబర్ 11న మాకూ వేరు కాపురాలయ్యాయి. సూర్యాపేట ఒక ఇల్లు, యాదాద్రి భువనగిరి ఒక ఇల్లు, పాత ఇంట్లో మేం. పాలమూరుకైతే అప్పుడైన ముక్కలు చాలక 2019లో నారాయణపేటను కూడా వేరు చేశారు. అయినా పొద్దున పేపర్ తీస్తే 'ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఓ మోస్తరు వర్షం'. తుంగతుర్తిలో ఉండే మా బామ్మర్దిని ఏ జిల్లా అంటే, "పాత నల్లగొండ, కొత్త సూర్యాపేట" అని రెండూ చెబుతాడు. మొక్కలకు రెండు మాటల పేరు పెట్టే ద్వినామ పద్ధతి అతనికి లిన్నేయస్ నేర్పలేదు.

కాబట్టి వృక్షశాస్త్రజ్ఞులకు మా కలెక్టరేట్‌లో మూడు రోజుల శిక్షణ ఇప్పించాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను. ఏ మండలంలో ఏ వంకర చూసి ఏ జిల్లాలో వేయాలో మావాళ్లకు కొట్టినపిండి. పువ్వు విప్పే పని కూడా ఉండదు.

ఈలోగా నరికేవాడు ఏ కుటుంబమని అడగలేదు. ఫోటో ఫ్రేములకూ బిలియర్డ్స్ కర్రలకూ నరికి నరికి, అనుమతి పత్రం లేకుండా ఈ కలప దేశం దాటకూడదని 2004లో బ్యాంకాక్‌లో దేశాలన్నీ కూర్చుని తీర్మానించేదాకా తెచ్చారు.

మర్నాడు దుకాణానికి వెళ్లి, "ఈ కట్టెకు కాగితం ఉందా?" అన్నాను.

అతను బద్దను నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే ఇది రామిన్ గాదు సార్, రబ్బరు కట్టె."

బిల్లులో మాత్రం 'టేకు ఫ్రేమ్, 1' అని రాశాడు.