గేటెక్కిన సిరిమాను

మా అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని ఎర్రక్షరాలతో రాయించారు. అది చదవడానికి ఆగినవాళ్లు ఊరికే వెళ్తారా? అంచేత దేవుడి బొమ్మ వేయించాలని అసోసియేషన్ తీర్మానించింది. వెంకన్నా, సాయిబాబానా అని తగువు పడుతుంటే పై ఫ్లాటు మామ్మగారు గద్దించారు: “విజయనగరంలో ఉంటూ పైడితల్లిని మర్చిపోయారేంట్రా!” దాంతో అమ్మవారి జాతర, సిరిమానోత్సవం బొమ్మ ఖాయమైంది.

పెయింటర్ మంచి పనివాడు. ఊరేగింపులో సిరిమాను ముందు నడిచే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వరసగా దిగాయి. బెస్తవాళ్ల వల కూడా మర్చిపోలేదు. పెద్ద చెరువులోంచి అమ్మవారి విగ్రహాన్ని తీసింది వాళ్లేనని ఊళ్లో చెప్పుకుంటారు మరి. వల కన్నాలు ఒక్కొక్కటీ గీశాడంటే నమ్మండి. చిక్కల్లా మాను దగ్గర వచ్చింది. పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే అసలు సిరిమాను 50, 60 అడుగుల చింతమాను. మా గోడ 40 అడుగులు.

“కొంచెం పొట్టిగా వేసెయ్యవయ్యా,” అన్నారు సెక్రటరీగారు.

“పూజారి కల్లోకొచ్చి అమ్మోరు సూపించిన మాను బాబూ! నాను కోసీమంటే కోసీడమేటి?”

మాను గోడ దాటి స్లైడింగ్ గేటు మీదికి పాకింది. కొసన ఉండే కుర్చీ, అందులో పూజారిగారు, మొత్తం గేటు మీదే.

మర్నాడు పొద్దున్నే కింది ఫ్లాటాయన కారు తీశాడు. వాచ్‌మన్ గేటు తోశాడు. పూజారిగారు కుర్చీతో సహా గోడ వెనక్కి వెళ్లిపోయారు. ఎదురుగా ఇడ్లీలమ్మే అవ్వ బుగ్గలు నొక్కుకుంది: “అయ్యయ్యో, మాను ఇరిగిపోనాదర్రా!”

దసరా వెళ్లిన మంగళవారం అసలు సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మాది స్కూలు టైముకే ముప్పైసార్లు తిరుగుతోంది. పండగనాడు సిరిమాను మీదికి అరటిపళ్లు విసరడం ఆచారం కదా, మంగళవారాల్లో మా గేటుకీ పళ్లు తగలడం మొదలైంది. పళ్ల కోసం ఆవులొచ్చాయి. పోసేవాళ్లు మానారు, పేడ వేసేవాళ్లు దిగారు. తొక్క మీద కాలేసి జారిన ట్రెజరర్‌గారు నడుం పట్టుకుని అత్యవసర మీటింగ్ పెట్టించారు.

పూజారిని గేటు మీంచి గోడ మీదికి మార్చమని పెయింటర్‌ని పిలిపించాం. వాడు బ్రష్షు చెవిలో దోపుకుని తల అడ్డంగా ఊపాడు.

“ఆయన్ని దింపడానికి మీరెవులు, నానెవుల్ని బాబూ? అది వంశపారంపర్యం!”