ఇరవై గజాల రైతు విన్నపం

దేశానికి రైతే వెన్నెముక అని బడిలో వ్యాసరచన పోటీకి రాసి రెండో బహుమతిగా స్టీలు గ్లాసు తెచ్చుకున్నవాణ్ణి. ఆ వెన్నెముకలో నేనూ ఒక పూసనని తెలుసుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. హనుమకొండలో మాకు 200 గజాల స్థలంలో ఇల్లుంది. గదులు, మెట్లు, నీళ్ల ట్యాంకు, స్కూటరు, ఎవరూ కొనని పాత ఫ్రిజ్ పోగా వెనకవైపు 20 గజాలు మిగిలాయి. అందులో నాలుగు కోళ్లు, ఆరు టమోటా మొక్కలు, రెండు వంగ, మూడు మిరప, ఒక బీరపాదు, ఒక కొత్తిమీర మడి ఉన్నాయి. మూలన ఎప్పుడో మా అమ్మ నాటిన కరివేపాకు చెట్టు కూడా ఉంది. దానికి నేను చేసిన సేవ ఏమీ లేదు కాబట్టి అది ఏపుగా పెరిగింది. ఇంతటి సాగు చేస్తున్నా ప్రభుత్వ కాగితాల్లో నేను ఇంకా ఇంటి పన్ను కట్టే మామూలు మనిషినే కావడం వ్యవసాయ విధానంలో పెద్ద లోపమని సవినయంగా మనవి చేస్తున్నాను.

సేద్యంలోకి నన్ను దింపింది ఆకలి కాదు, అవమానం. 2023 జూలైలో కిలో టమోటా 150 రూపాయలు దాటింది. మదనపల్లె మార్కెట్టు ధరను మా కాలనీలో పొద్దున్నే బంగారం ధరలా చదివేవారు. మా ఇంట్లో చారులో టమోటా ముక్క తేలిందంటే చుట్టాలు వచ్చారని అర్థం. ఇక లాభం లేదని నర్సరీకి వెళ్లి నారు, కుండీలు, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, వేపపిండి, ఒక చిన్న పార, ఒక టోపీ కొన్నాను. టోపీ లేకపోయినా టమోటా కాస్తుందని నర్సరీవాడు చెప్పలేదు. నాటిన నారు పండు చూపించడానికి రెండు నెలలు దాటుతుంది. నా తొలి పండు ఎర్రబడేసరికి సెప్టెంబరు వచ్చింది, బజారులో టమోటా కిలో పది రూపాయలకు దిగింది. కొన్నిచోట్ల రైతులు పంటను రోడ్డు పక్కన పారబోశారు. ధర మండుతున్నప్పుడు నాటడం, చల్లారాక కోయడం అనే ఈ విద్య అబ్బడానికి పల్లెల్లో తరాలు పడుతుంది. నాకు తొలి పంటకే అబ్బింది. నన్ను రైతు కాదనడం ఎవరి తరం?

మరుసటి ఏడాది కోళ్ల మీదికి మనసు మళ్లింది. సమీకృత వ్యవసాయం అనే మాటను రెండు వీడియోల్లో నేర్చుకున్నాను. కోడి పురుగును తింటుంది, కోడి పెంట మొక్కకు ఎరువవుతుంది, మొక్క ఆకు కోడికి మేతవుతుంది, కోడి మనకు గుడ్డు పెడుతుంది. గుండ్రంగా బాణాలు గీసిన ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా ఉద్యోగానికి రాజీనామా చేయాలనిపిస్తుంది. ఆ బొమ్మలో మనిషి మాత్రం కనిపించడు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. అతను బొమ్మ బయట జాలీ కట్టుకుంటూ ఉంటాడు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన గ్రామప్రియ జాతి పెట్టలు మూడు, వాటికి తోడు ఒక నాటు పెట్ట తెచ్చాను. గ్రామప్రియ అన్న పేరులో గ్రామం ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు, అవి పట్టించుకున్నాయి. మొదటి రెండు వారాలు ఇష్టం లేని ఊరికి బదిలీ అయిన ఉద్యోగుల్లా గూట్లో ఒక మూలకు చేరి, బోరు మోటారు వేసినప్పుడల్లా నా వంక చూసేవి.

మూడో వారం ఒక మధ్యాహ్నం గూట్లోంచి ఒకటే కేకలు. పిల్లి దూరిందేమోనని కర్ర పట్టుకుని పరుగెత్తాను. గడ్డిలో ఒక గుడ్డు. పెద్ద నిమ్మకాయకు కాస్త ఎక్కువ, బజారు గుడ్డుకు బాగా తక్కువ. గోధుమ రంగు పెంకు మీద దారమంత నెత్తుటి చార, దానికి అంటుకుని ఒక నూగు ఈక. చేతిలోకి తీసుకుంటే జ్వరం వచ్చిన పసిపిల్ల అరచేయిలా వెచ్చగా ఉంది. పెట్టిన కోడి మాత్రం పక్కనే నిలబడి, ఇది తన ప్రభుత్వ ఘనతేనని పావుగంట సేపు ప్రకటిస్తూనే ఉంది. ఆ గుడ్డును మూడు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నాలుగో రోజు మా ఆవిడ అట్టు వేసింది. నలుగురం పంచుకుంటే తలా ఒక ముద్దకు సరిపోయింది.

ఆ తర్వాత ఉత్పత్తి సంక్షోభం మొదలైంది. కోడి కడుపులో ఒక గుడ్డు తయారు కావడానికి దాదాపు 25 గంటలు పడుతుంది. అందులో 20 గంటలు పెంకు పనికే. రోజుకేమో 24 గంటలే. ఆ తేడా సర్దుకోవడానికి కోడి రోజురోజుకూ ఆలస్యంగా పెట్టి, చివరికి ఒకరోజు పూర్తిగా సెలవు తీసుకుంటుంది. పగటి వెలుగు 14 గంటలకు తగ్గితే గుడ్లూ తగ్గుతాయి. అందుకని చలికాలంలో గూట్లో బల్బు పెట్టించాను. ఆ వెలుగు చూసి ఎదురింటి విశ్రాంత ఉపాధ్యాయుడు ఒక రాత్రి గేటు దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "మీ ఇంట్లో పుంజు లేదు కదండీ, మరి గుడ్లు ఎలా వస్తున్నాయి?" అని అడిగాడు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదని, పొదిగితే పిల్లలవడానికే కావాలని వివరించాను. ఆయన నమ్మలేదు. ఆయన జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి.

నాటు పెట్ట కథ వేరు. అది పట్టుమని పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంది. గుడ్లన్నీ నేను ఎప్పటికప్పుడు తీసేశాను కాబట్టి అది పొదుగుతున్నది ఖాళీ గంపను. 21 రోజులకు పిల్లలు రావాలి. పుంజూ లేదు, గుడ్లూ లేవు, అయినా 30 రోజులు లేవలేదు. దగ్గరికి వెళితే ఈకలు ఉబ్బించి పొడిచేది. ఉత్త గంప మీద ఇంత నమ్మకంతో కూర్చున్నవాళ్లను నేను ఎన్నికల ఏడాదిలో తప్ప చూడలేదు. పక్కింటి పెద్దావిడ వచ్చి, "నీళ్లలో ముంచి తీయి నాయనా, ఒంట్లో వేడి దిగి అదే లేస్తుంది" అంది. ముంచి తీశాను. ఒంట్లో వేడి దిగింది, మనసులో పట్టుదల దిగలేదు. తడి రెక్కలతోనే వెళ్లి మళ్లీ గంపలో కూర్చుంది.

సమీకృత వ్యవసాయం ఎంతవరకు వచ్చిందో కూడా నివేదించాలి. కోళ్లు పురుగుల్ని తింటాయన్నది నిజమే, నా మొక్కల మీది పురుగుల్ని తప్ప. వంగ మీద పిండినల్లి తెల్లగా దూదిలా పేరుకుపోతే దాని జోలికి పోలేదు. పండబోతున్న టమోటాను మాత్రం ఒక్కోదాన్ని ఒక్కో పోటు పొడిచి వదిలేశాయి. కనీసం ఒకటైనా పూర్తిగా తిన్న పాపాన పోలేదు. మిరప జోలికి రావులే అని ధైర్యంగా ఉన్నాను. మిరప కారం పక్షులకు తెలియదట. ప్రకృతి ఆ సౌకర్యం వాటికి ఏనాడో కల్పించింది. నల్లది ఒకటి పచ్చిమిరపకాయను తొడిమతో సహా మింగి, ముక్కు నేలకు రాసుకుని రెండోదాని కోసం మెడ చాచింది. పచ్చి కోడిపెంట వంగ మొదట్లో వేస్తే ఆ వేడికి మొక్క మూడు రోజుల్లో మాడిపోయింది. పెంటను నెలల తరబడి మాగబెట్టాలన్న ముక్క వీడియోలో చివర ఉందట, నేను అంతదాకా చూడలేదు.

అన్నిటికన్నా కొత్తిమీర మడి నా గుండె కోసింది. ధనియాలు నలిపి చల్లి, పైన మెత్తటి మట్టి జల్లి, గడ్డి కప్పి, పూటపూటా నీళ్లు చిలకరిస్తే పదో రోజుకు పచ్చగా నూగు మొలిచింది. పదకొండో రోజు గూటి తలుపు గడియ వేయడం మరిచిపోయాను. వచ్చి చూసేసరికి నాలుగూ మడి మధ్యలో ఒళ్లు విరుచుకుని పడుకుని, కాళ్లతో మెత్తటి మట్టిని రెక్కల కిందికి ఎగజల్లుకుంటూ, కళ్లు సగం మూసి స్నానం చేస్తున్నాయి. కోడికి మట్టిస్నానం ఆరోగ్యం. అంత సుఖంగా నేను ఏ హోటల్లోనూ పడుకోలేదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అని తేలగానే మా ఇంటి ముందు నడిచేవాళ్లంతా రోడ్డు అవతలి పక్కకు మారారు. అంతకు ముందు వారం దాకా "నాటు గుడ్లు ఉన్నాయా అన్నయ్యా" అని గిన్నెలతో వచ్చినవాళ్లే. మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్లు దాటినప్పుడు మాత్రం డల్లాస్‌లో ఉన్న మా బావమరిది వీడియో కాల్ చేసి, నా గుడ్ల బుట్టను అటూ ఇటూ తిప్పించి మరీ చూశాడు. పదిహేనేళ్లలో ఆ కుటుంబం నన్ను గౌరవంగా చూసిన సందర్భం అదొక్కటే.

ఇక లెక్కలు. గూడు 11,500, కోళ్లు 1,800, ఒక్కో కోడికి రోజుకు 110 గ్రాముల చొప్పున ఏడాది మేత 6,360, కొక్కెర తెగులు టీకాలతో కలిపి మందులు 640. మొత్తం 20,300 రూపాయలు. జాలీ ఖర్చు తోట ఖాతాలో రాశాను, గుడ్డును మరీ చిన్నబుచ్చడం ఇష్టం లేక. ఏడాదికి చేతికి అందిన గుడ్లు 290. మూడోది తన గుడ్డును తానే పొడిచి తాగే అలవాటు చేసుకోకపోతే ఇంకొన్ని వచ్చేవి. అంటే గుడ్డు ఒక్కింటికి 70 రూపాయలు. మా వీధి కిరాణా కొట్లో 7 రూపాయలు. పది రెట్లు విలువైన సరుకు పండిస్తున్న ఉత్పత్తిదారుణ్ణి దేశం ఎలా ఆదుకుంటుందో చూద్దామని విచారించాను. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో టమోటా లేదు, కొత్తిమీర లేదు, గుడ్డు అసలే పంట కాదు. గుడ్డు ధరను రోజూ చెప్పేది నెక్, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ. వ్యాపారులు చెప్పిన రేటుకు అమ్మి మునిగిపోతున్న కోళ్ల రైతులు 1982లో ఏకమై పెట్టుకున్న సంస్థ అది. వాళ్ల ధరల పట్టికను రెండుసార్లు చూశాను. 70 ఎక్కడా లేదు.

మిగిలింది రైతు భరోసా. తెలంగాణలో ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు. ఎకరానికి 4,840 గజాలు. ఆ లెక్కన నా 20 గజాలకు ఏడాదికి 49 రూపాయల 59 పైసలు రావాలి. రెండు పంటలకు విడగొట్టి ఇచ్చినా అభ్యంతరం లేదు. దరఖాస్తు పట్టుకుని వెళితే కౌంటరు దగ్గరి కుర్రవాడు మర్యాదగా, "పట్టాదారు పాసు పుస్తకం తెచ్చారా సార్?" అన్నాడు. ఇంటి పన్ను రసీదు చూపించాను. దానికి ఒక అరటితొక్క కూడా అంటుకుని ఉంది, కంపోస్టు సంచిలోంచి తీశాను కాబట్టి. అతను రసీదును, తొక్కను, నన్ను వరసగా చూసి తర్వాతి మనిషిని పిలిచాడు. పంట నష్టం కింద కొత్తిమీర మడిని, జంతు దాడి కింద టమోటాలను, కార్మిక సమస్య కింద నాటు పెట్టను చేర్చిన రెండో విన్నపం ఇంకా నా జేబులోనే ఉంది.

అటునుంచి అటే రైతుబజారుకు వెళ్లాను, ఇంట్లో కొత్తిమీర లేదు కాబట్టి. దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని 1999లో మొదలైన బజార్లు ఇవి. గోనె పట్టా మీద ఆకుకూరలు పరుచుకుని ఒక పెద్దామె కూర్చుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి కోసి, మొదటి బస్సుకు వేసుకొచ్చిందట. కట్ట పది రూపాయలంది. ఇరవైకి మూడు ఇమ్మన్నాను. రాదంది. నా పెరట్లో కట్టకు 90 రూపాయలు పడిందన్న సంగతి చెప్పకుండా, "నేనూ రైతునే అమ్మా, నాకు తెలియదా ఖర్చులు?" అన్నాను.

"ఎంత భూమి సార్?"

"ఇరవై..." అన్నాను.

ఆమె చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది. పక్క పట్టా మీది ఆమెను పిలిచి మరీ చెప్పింది: "విన్నావా, ఇరవై ఎకరాల ఆసామి. పది రూపాయల దగ్గర బేరమాడుతున్నాడు."

సరిదిద్దే ధైర్యం లేక ముప్పై ఇచ్చి మూడు కట్టలు సంచిలో వేసుకున్నాను. కరివేపాకు మాత్రం రెండు రెమ్మలు కొసరు వేయించుకున్నాను.