నిప్పుల కొండ నుంచి వరద

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో ఒక అగ్నిపర్వతం బూడిద కక్కితే యూరప్ ఆకాశం మూతపడింది. దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి. అటుగా అమెరికా బయల్దేరిన మనవాళ్లూ దారిలో చిక్కుకుపోయారు. ఆ కొండకు తూర్పున, పక్కనే, అంతకన్నా పెద్దది ఉంది. పేరు కాట్లా. అప్పటినుంచి అక్కడ కాస్త భూమి కదిలితే చాలు, ‘గడువు దాటిన అగ్నిపర్వతం’ అంటూ వార్తలు మొదలవుతాయి. ఆ మాట మీదే నా అభ్యంతరం.

1625, 1660, 1721, 1755, 1823, 1860, 1918. కాట్లా పేలిన ఏళ్లివి. మధ్య విరామం ఒకసారి 34 ఏళ్లయితే, ఇంకోసారి 68. ఆ తర్వాత మంచును చీల్చుకుని బయటికొచ్చిన పేలుడు నూరేళ్లు దాటినా లేదు. సగటు తీసి గడువు కట్టడానికి ఇదేమీ రైళ్ల టైంటేబుల్ కాదు.

భయపడాల్సింది లావాకు కాదు, నీళ్లకు. కాట్లా నోరు పది కిలోమీటర్ల వెడల్పు. దాని మీద మీర్దాల్స్‌యోకుల్ అనే హిమానీనదం కప్పుకుని ఉంది. కొన్నిచోట్ల మంచు 700 మీటర్ల మందం. కింద నిప్పు రాజుకుంటే ఆ మంచు కరుగుతుంది. నీరు మంచు అడుగునుంచే దారి చేసుకుని ఒక్కసారిగా బయటపడుతుంది. ఐస్‌లాండ్ వాళ్లు దీన్ని యోకుల్‌హ్లోయిప్ అంటారు, హిమానీనదపు వరద అని.

1918 అక్టోబర్ 12న అదే జరిగింది. మధ్యాహ్నం కాట్లాకు దక్షిణాన సముద్రతీరంలోని వీక్ ఊళ్లో భూమి కంపించింది. కాసేపటికే మంచు మీద బూడిద మేఘం లేచింది. ఆల్ఫ్తావెర్ రైతులు ఆ వేళ మైదానంలో గొర్రెలు తోలుకొస్తున్నారు. ఇళ్లంతేసి మంచుగడ్డలను దొర్లించుకుంటూ నల్లటి నీరు మీదికొస్తుంటే గుర్రాలను పరుగెత్తించి త్రుటిలో బయటపడ్డారు. ఆ ప్రవాహం ఉధృతి సెకనుకు మూడు లక్షల ఘనపు మీటర్లని అంచనా. మన లెక్కలో కోటి క్యూసెక్కుల పైమాటే. 1986లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షలకే లంకలను ముంచెత్తింది. కాట్లా వరద మోసుకొచ్చిన ఇసుకతో సముద్రతీరమే కిలోమీటర్ల కొద్దీ ముందుకు జరిగింది.

2011 జులైలోనైతే పేలుడేదీ పైకి కనిపించనే లేదు. అయినా మంచు కింద పేరుకున్న నీరు తెగి, ములాక్విస్ల్ నది మీద హైవే వంతెనను ఊడ్చుకుపోయింది. పేలుడు కోసం కెమెరాలు పెట్టుకుని కూర్చునేవాళ్లకు ఇలాంటి వరద చెప్పిరాదు.

కొలంబియాలో నెవాడో డెల్ రూయీజ్ అగ్నిపర్వతం కథ గుర్తుచేసుకోవాలి. దాని శిఖరం మీదా మంచే. కొండ పేలితే మంచు కరిగి దిగే బురద ఏ ఊళ్ల మీదికి వస్తుందో చూపే పటం 1985 అక్టోబర్‌కే తయారైంది. నవంబర్ 13 రాత్రి కొండ పేలింది. అర్మేరో పట్టణానికి బురద చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉండీ జనాన్ని కదిలించలేదు. ఆ ప్రాంతంలో 23 వేల మందికి పైగా చనిపోయారు. శాస్త్రం తన పని తాను చేసింది. ఆ కబురు ఇళ్ల దాకా చేరలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కాట్లా పేలితే వీక్ జనం తలదాచుకోవాల్సిన చోటు గుట్ట మీది చర్చి. ఎర్ర కప్పుతో ఊరంతటికీ కనిపిస్తుంది. ఎటు పరుగెత్తాలో అక్కడివాళ్లకు తెలుసు. కింద నల్లిసుక తీరంలో ఫొటోలు దిగే యాత్రికులకు తెలుసా అన్నదే నా బెంగ.