అసలు మ్యూజియం సొరుగుల్లో ఉంది

సహజ చరిత్ర మ్యూజియంకి వెళ్తే డైనోసార్ ఎముకల ముందు ఫొటో దిగి వచ్చేస్తాం. అసలు సరుకు మనకు చూపించని గదుల్లో ఉంటుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో దాదాపు 8 కోట్ల నమూనాలుంటే, జనం కంటపడేది పిసరంతే. మిగతావన్నీ సొరుగుల్లో, సీసాల్లో ఉంటాయి. ఒకే జాతి పిట్టలు వందల కొద్దీ! ఒకటుంటే చాలదా అంటే, చాలదు.

బ్రిటన్‌లో 1950ల నుంచి పెరిగ్రిన్ డేగల గూళ్లలో గుడ్లు పగిలిపోతుండేవి. ఎందుకో అర్థం కాలేదు. డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త పాత గుడ్ల సేకరణలు తిరగేశాడు. గుడ్డు సైజుతో పెంకు బరువును పోల్చుకుంటూ పోతే, దశాబ్దాలుగా పెద్దగా మారని పెంకు 1940ల చివర్లో ఉన్నట్టుండి పలచబడింది. డీడీటీ అనే పురుగుమందు విరివిగా వాడకంలోకి వచ్చిన రోజులవి. డీడీటీ విరిగి ఏర్పడే డీడీఈ, పెంకులోకి కాల్షియం సరిగా చేరనివ్వదని తర్వాత తేలింది. రాట్‌క్లిఫ్ లెక్కలు 1967లో అచ్చయ్యాయి. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. తమాషా ఏంటంటే, ఇలాంటి గుడ్లు పోగేసినవాళ్లలో చాలామంది శాస్త్రవేత్తలు కారు, గూళ్లు దోచే సరదా ఉన్నవాళ్లు. ఆ సరదాని నేను సమర్థించను. కానీ గుడ్డుతో పాటు తేదీ, చోటు రాసిపెట్టారు చూడండి, మనకు పనికొచ్చింది అదే. చీటీ లేని గుడ్డు ఉత్త అలంకారం.

అమెరికా పారిశ్రామిక ప్రాంతంలో 135 ఏళ్లుగా సేకరించిన 1,300కు పైగా పిట్టల్ని ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. 1900ల తొలినాళ్ల పిట్టల పొట్టలు మసిబారి ఉన్నాయి, ఇటీవలివి తెల్లగా ఉన్నాయి. ఈకలు ఏటా రాలి కొత్తవి వస్తాయి కాబట్టి ఒంటికంటిన మసి దాదాపు ఆ ఏడాది గాలిదే. గాలిని కొలిచే పరికరాలు సరిగా లేని కాలపు లెక్క అలా దొరికింది. 1883లో అంతరించిన క్వాగా అనే ఒక రకం జీబ్రా చర్మం నుంచి 1984లో డీఎన్ఏ తీశారు. ఆ చర్మం ఒలిచినవాళ్లకి డీఎన్ఏ సంగతే తెలియదు.

సేకరణల్లో లోపాలు లేవనను. దారి పక్కన దొరికినవే ఎక్కువ. పక్షుల్లో రంగురంగుల మగవాటి మీదే మోజు, ఆడవి తక్కువ. ఇది గమనించకుండా లెక్కలు కడితే తప్పుతాయి.

అన్నీ స్కాన్ చేసేస్తే పోలేదా అనేవాళ్లున్నారు. స్కాన్ చేయాల్సిందే, కానీ ఫొటోలో పెంకు బరువు తూచలేం, ఈకల మసి తుడిచి చూడలేం. రేపు ఏం అడుగుతామో ఈరోజు తెలియదు కాబట్టి వస్తువే కావాలి. 2018 సెప్టెంబర్ 2న రియోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడింది. దాని 2 కోట్ల వస్తువుల్లో చాలా భాగం పోయింది, కీటకాల సేకరణ దాదాపు బూడిదైంది. వేరే భవనంలో ఉండబట్టి ఎండబెట్టిన మొక్కల సేకరణ బతికింది. నిర్వహణకి డబ్బుల్లేవని అక్కడివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ రాత్రి మంటలార్పడానికి వచ్చినవాళ్లకి దగ్గర్లోని హైడ్రెంట్లలో, అంటే మంటలార్పడానికి పెట్టిన కుళాయిల్లో, నీళ్లు కూడా దొరకలేదు.