కొర్లగుంటలో లాల్‌బాగ్

పూలమొక్కల పిచ్చి తిరుపతి వాళ్లకు మామూలుగా కొండ మీద పట్టుకుంటుంది. బ్రహ్మోత్సవాలప్పుడు పెట్టే ఫల పుష్ప ప్రదర్శన చూసి దిగొచ్చి, తెలిసినవాళ్ల ఇంట్లో ఒక మందార కొమ్మ అడుక్కుని, పెన్సిలంత లావున జానెడు ముక్క కోసి, పైన రెండాకులు ఉంచి మిగతావి దూసి, పాత పెయింటు డబ్బాలో గుచ్చితే చాలు. డబ్బాకు అడుగున బెజ్జం ఉంటే కొమ్మ బతుకుతుంది, లేకపోతే కుళ్లుతుంది. అంతకు మించిన శాస్త్రం లేదు.

కొర్లగుంటలో కాపురముండే ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి మాత్రం ఆ జబ్బు బెంగళూరులో అంటుకుంది. కూతురింటికి పోయి, ఆగస్టు 15 పండగకు లాల్‌బాగ్ చూశారు. హైదరలీ 1760లో మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. 1889లో పునాదిరాయి వేసిన గాజుటింట్లో ఏటా రెండుసార్లు, జనవరి 26కు ఒకటి, ఆగస్టు 15కు ఒకటి, పూల ప్రదర్శన జరుగుతుంది. ఇసుక వేస్తే రాలని జనం మధ్య నిలబడి సారు ఒక పూల గోడను చూశారు. చూసి, మనసులో తన మిద్దె కొలతలు వేశారు.

ఆ గాజుటింట్లో ఆయన గమనించనిది ఒకటుంది. అక్కడ పూలు పూయవు. పూసినవాటిని తెచ్చి పెడతారు. నెలల ముందే నర్సరీలో పెంచి, మొగ్గ విచ్చుకునే వేళకు కుండీలతో సహా మోసుకొచ్చి, కుండీ కనపడకుండా సర్దుతారు. వాడినవి తీసేసి కొత్తవి పెడతారు. తోట చూసి మనసు పడితే తప్పులేదు గానీ, వాడిన కుండీలు ఏ దారిన బయటికి పోతున్నాయో కూడా ఒక కంట చూసుకోవాలి.

చూడలేదు కాబట్టి సారు 8 చామంతులు, 2 హైడ్రాంజియాలు, ఒక కాగితం పూల చెట్టు, ఒక అడీనియం కొని తిరుపతి బస్సెక్కారు. కిటికీ గాలికి ఆకులు వాడిపోకుండా న్యూస్ పేపరు చుట్టాలన్న మాట నిజమే, చుట్టారు కూడా. కానీ పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బళ్లు వేస్తాయే, అది మొక్కలకూ ఒక కబురే. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటే తిరుపతి 150 మీటర్ల పైచిలుకు. చల్లటి మేడ మీద నుంచి దించి పొయ్యి గట్టు మీద కూర్చోబెట్టినట్టు.

ముందుగా తెలుసుకున్నది హైడ్రాంజియా. పుల్లటి నేలలో నీలంగా, సున్నం నేలలో గులాబీ రంగులో పూయడం దాని గుణం. పుల్లటి నేలలోనైతే అల్యూమినియం వేరుకు అందుతుంది, నీలం వస్తుంది. సారు ఇంటి బోరు నీళ్లు కుండీ అంచున తెల్లగా సున్నం పట్టే రకం. నీలం కోసం కొన్నది నెల తిరక్కుండా కొత్త పూత గులాబీ రంగులోకి తిరిగింది, ఇంకో పది రోజులకు గోధుమ రంగులోకి. ఆ మూడో రంగు గురించి ఏ నర్సరీవాడూ చెప్పడు.

ఇంట్లో ఆమె అప్పుడే అనింది. "పూలతోట చూడాలంటే బెంగళూరు దాకా యాల? కొండెక్కితే పురుశైవారి తోట ల్యా?"

ఆమె అన్నదాంట్లో న్యాయముంది. రామానుజులు పంపగా వచ్చి, స్వామి పూలకోసం కొండ మీద ఈ పురుశైవారి తోట వేసి, దానికి నీళ్లకని చెరువు తవ్విన అనంతాళ్వారు కథ తిరుపతిలో తెలియని ఇల్లు లేదు. ఆయన తవ్వుతుంటే నిండు చూలాలైన భార్య మట్టి మోసింది. సాయానికొచ్చిన కుర్రవాడి మీదికి ఆయన గునపం విసిరాడు, అది ఆ కుర్రవాడి రూపంలో వచ్చిన స్వామి గడ్డానికి తగిలింది, అందుకే ఇప్పటికీ అక్కడ పచ్చకర్పూరం పెడతారు. గునపం మహాద్వారం దగ్గర వేలాడుతూనే ఉంది. సారు ఇంట్లోనూ ఏర్పాటు ఇంచుమించు అదే. మట్టి మెట్లమీదుగా మోసేది ఆమె, కోపం ఆయనది. తవ్వే పని మాత్రం లేదు, మట్టి బస్తాల్లో అంగట్లో దొరుకుతుంది.

మట్టి కలిపే పాళ్లు చెప్పుకోవాలి, ఎందుకంటే సారు అక్కడా తొందరపడ్డారు. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, కొబ్బరి పొట్టో ముతక ఇసుకో ఒక పాలు, కుండీకి ఒక గుప్పెడు వేప పిండి. ఆయన 'మాగిన' అనే మాట వినిపించుకోలేదు. పచ్చి పేడ కుండీలో వేడెక్కి వేళ్లను కాల్చింది, ఈగలకు మాత్రం పండగ. మళ్లీ అంతా కుమ్మరించి మొదట్నుంచి. బెజ్జం మీద పగిలిన పెంకు ముక్క బోర్లించి, కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టి, పిట్టగోడ వారగా, కింది గోడ మీద బరువు పడేట్టు వరుసగా పెట్టడం, ఇవన్నీ రెండో విడతలో జరిగాయి. 12 అంగుళాల కుండీ తడిస్తే 20 కిలోల పైమాటే. స్లాబు నడిమధ్య డజను పెడితే కింద పడగ్గదిలో పైకప్పు ముందుగా పూస్తుంది.

ఇక తిరుపతి ఇళ్లకు తప్పని వాతావరణం ఇంకొకటుంది. చుట్టాలు. దర్శనానికని దిగే చుట్టాలు ఒక విడత కొండ దిగకముందే ఇంకో విడత బస్టాండులో దిగుతుంది. కొత్తగా గుండు చేయించుకున్నవాళ్లు సాయంత్రం గాలికి మిద్దెక్కుతారు. కుండీలో పైమట్టి ఎండి కనిపిస్తుంది. పాపం అనుకుని ఒక చెంబు పోస్తారు. కాసేపటికి ఇంకో గుండు, ఇంకో చెంబు. అడీనియం తన లావుపాటి మొదట్లో నీళ్లు దాచుకునే ఎడారి మొక్క. ఆరు కుటుంబాల పుణ్యం తాగి అది మొదలు మెత్తబడింది. వేలితో నొక్కితే కుళ్లిన బంగాళాదుంపలా లోపలికి పోయింది. చూపుడు వేలు రెండు కణుపులు మట్టిలో దింపి, పొడిగా ఉంటేనే పోయాలి. ఈ ముక్క గేటుకు రాసి పెట్టాల్సింది.

కాగితం పూల చెట్టుదీ అదే గతి, కాకపోతే చావలేదు, బలిసింది. దానికి దాహం వేస్తేనే పూలు. మనం పూలనుకునే రంగు రేకులు నిజానికి ఆకులే, అసలు పువ్వు మధ్యలో అగ్గిపుల్ల తలంత తెల్లగా ఉంటుంది. నీళ్లూ యూరియా పోసి ముద్దు చేస్తే కొమ్మలు పక్కింటి డిష్ యాంటెన్నా దాకా పోతాయి, ఒక్క రేకు రంగు మారదు. ఎదురు వీధిలో తాళం వేసిన ఇంటి గేటు మీద అదే జాతి మొక్క, ఆర్నెల్లుగా ఎవ్వరూ చుక్క పోయనిది, రాణీ రంగులో విరగబూసి ఉంది. సారు రోజూ ఆ వీధిలోంచే పాలకు పోవాలి.

మిగిలినవి చామంతులు. వాటి మీదే ఆశంతా. కొన్నప్పుడు జానెడెత్తు, గుండ్రంగా బొండాలా ఉండి, నిండా పూలు. అలా పొట్టిగా ఉండడానికి నర్సరీలో ఎదుగుదల తగ్గించే మందు కొట్టివుంటారు. మందు దిగిపోతే మొక్క తన అసలు ఎత్తు చూపిస్తుంది. పూత అయిపోయాక మొదలుకు నాలుగు వేళ్ల ఎత్తున కత్తిరించి, అడుగునుంచి పిలకలు వచ్చాక, అవి జానెడయ్యేసరికి కొసలు గోటితో గిల్లాలి. గిల్లిన చోట రెండు మూడు కొమ్మలు వస్తాయి. సారు బళ్లో చెవులు మెలేసిన చెయ్యి కాబట్టి గిల్లుడు చక్కగా కుదిరింది. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు 2 గ్రాములు, పదిహేను రోజులకొకసారి. నల్ల పేనుబంక పట్టినప్పుడు వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి, ఎండ దిగాక. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశారు. సెప్టెంబరు ఆఖరుకు మొక్కలు చూడముచ్చటగా గుబురుకట్టాయి.

అప్పుడే ఇంకో తలనొప్పి మొదలైంది. తెల్లారేసరికి మందార చెట్టు బోడిగా ఉంటోంది. పక్క మిద్దెకు, ఈ మిద్దెకు మధ్య ఉన్నది నడుమెత్తు గోడే. చామంతులు పూస్తే వాటి గతీ ఇంతేనని సారు ముందుచూపుతో ఒక కెమెరా, కెమెరాకు కనపడాలని 20 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు పెట్టించారు. సరిగ్గా చామంతుల నెత్తిన. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా.

మూడో రోజే దొంగ దొరికింది. పక్కింటి పెద్దామె, చేతిలో పూలబుట్ట, పెదవుల మీద విష్ణు సహస్రనామం. అడిగితే ఆమె ఏమాత్రం తడుముకోలేదు.

"దేవుడికే గదా సారూ. లైటు ఏసి పుణ్యం కట్టుకున్నారు. మొన్న చీకట్లో కాలు తగిలి గోరు లేచిపోయినాది."

ఇంక ఆ లైటుకు పనిలేదు. కానీ డబ్బు పోసి కొన్నది ఆర్పడానికి చెయ్యి రాలేదు. అది వెలుగుతూనే ఉంది.

అక్టోబరు గడిచింది. చామంతి మూరెడు దాటింది. ఆకు ముదురాకుపచ్చ, నవనవలాడుతోంది. మొగ్గ లేదు. సారు ఎముకల పొడి వేశారు. మొగ్గ లేదు. టీ పొడి వేశారు, పాలూ చక్కెరా కడగకుండా. చీమలు వచ్చాయి, మొగ్గ రాలేదు. తుపాను వానలకు కుండీల్లో నీళ్లు నిలవకుండా అర్ధరాత్రి గొడుగేసుకుని బెజ్జాలు పొడిచారు. మొగ్గ లేదు. పక్కింటామె పగిలిన బకెట్టులో, మెట్ల కింద మూల, పట్టించుకోకుండా వదిలేసిన నాటు పసుపు చామంతి కొసకొసకూ మొగ్గ తొడిగింది.

కార్తీక మాసంలో బావమరిది దిగాడు. వి.కోట వైపు ఎకరం చామంతి వేసే రైతు. గుండుతో మిద్దెక్కి, ఫ్లడ్ లైటు వంక, దాని కింద ఎనిమిది కుండీల వంక చూసి, ఒక్క నిముషం మాట్లాడలేదు.

"గట్టోడివే బావా. సంక్రాంతి రేటుకు పెట్టుకున్నావా ఏంది?"

"ఏ రేటురా?"

"పూలు ఆపినావు గదా, లైటేసి. మేము మొన్ననే ఆర్పేసినాం. అయినా రాత్రంతా యాల బావా, పదింటి నుంచి రెండింటి దాకా ఏస్తే సాలు. కరెంటు దండగ."

సారు ముఖం చూశాక గానీ అతనికి అర్థం కాలేదు. "తెలీకనే ఏసినావా?"

విషయం ఇదీ. చామంతి రాత్రి ఎంత పొడుగో ఆకులతో కొలుచుకుంటుంది. రాత్రి పొడుగైందంటే పూతకాలం వచ్చిందని లెక్క. ఆ చీకటి తెగకుండా ఉండాలి. నడిరాత్రి కాసేపు దీపం వెలిగినా ఒక పెద్ద రాత్రి రెండు చిన్న రాత్రులుగా తెగుతుంది, మొక్క ఇంకా వేసవే అనుకుని ఆకులు వేస్తూ పోతుంది. రైతులు దీన్ని కావాలనే చేస్తారు. కర్ణాటక సరిహద్దున రాత్రిపూట చామంతి తోటలు తిరునాళ్లలా వెలుగుతుంటాయి. ఎత్తూ కొమ్మలూ చాలినంత వచ్చేదాకా బల్బులు వేసి, పండగ లెక్క చూసుకుని ఆర్పేస్తారు. ఆర్పిన మూడు వారాలకు మొగ్గ కంటికి ఆనుతుంది. పువ్వు కోతకు రావడానికి రకాన్ని బట్టి 8 నుంచి 10 వారాలు. సారు మొగ్గలకు కాపలా పెట్టిన దీపమే మొగ్గలను రానివ్వకుండా కాపలా కాసింది.

ఆ రాత్రే లైటు పీకేశారు. వారం తిరక్కుండా వీధి స్తంభానికి కొత్త ఎల్‌ఈడీ దీపం వచ్చింది. సారు మిద్దె మీద పేపరు పట్టుకుని చూశారు, రాశిఫలాలు కళ్లజోడు లేకుండా చదవొచ్చు. పేపరు చదవగలిగే వెలుతురుంటే చామంతికి అది చీకటి కాదు.

దానికీ బావమరిదే ఫోన్లో ఉపాయం చెప్పాడు. సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డ కప్పి, పొద్దున ఏడింటికి తీయాలి. ప్లాస్టిక్ కవరు పనికిరాదు, లోపల ఉక్కపోసి ఆకుకు మచ్చలొస్తాయి. నూలు గుడ్డ, రెండు మడతలు. మొక్కకు తగలకుండా కుండీలో నాలుగు పుల్లలు పాతి వాటి మీద వేయాలి. ఒక్కరోజు కూడా మానగూడదు. మొగ్గకు రంగు కనపడేదాకా, సుమారు ఆరు వారాలు.

ఇంట్లో నల్లటి నూలు గుడ్డ అంటే ఒక్కటే ఉంది. కొడుకు పోయినేడు అయ్యప్ప మాల వేసినప్పటి పంచెలు. ఆమె ఉతికి మడతపెట్టి దాచినవి, నాలుగు. ఒక్కొక్కటి సగానికి చించితే ఎనిమిది. "స్వామి గుడ్డలు గదండీ" అని ఆమె ఒక పూట ఆలోచించి, పూలు కొండకు ఇస్తామని మొక్కుకున్నాక చించనిచ్చింది.

మరునాడు ఇంకా వెలుగు రాకముందే పక్కింటి పెద్దామె బుట్టతో గోడ దగ్గరికి వచ్చింది. పిట్టగోడ వారగా వరసగా కూర్చున్నట్టు ఎనిమిది నల్లటి ఆకారాలు. కాసేపు కళ్లు చికిలించి చూసింది.

"ఏం సారూ, మీ ఇంట్లో ఎంతమంది మాల ఏసినారు?"

"ఎనిమిదిమందమ్మా."

"కొత్తోళ్లా?"

"అందరూ కన్నెస్వాములే. దీక్షలో ఉండే వాళ్లమీద చెయ్యి పడగూడదు."

ఆమె లెంపలు వేసుకుని, బుట్ట వెనక్కి దాచుకుని, రెండడుగులు వెనక్కి వేసి, శరణమయ్యప్పా అనింది.