మా దుక్నంల రౌటర్ దొరవారికి శతకోటి దండాలు

దుక్నంల కంప్యూటర్లను, ప్రింటర్‌ను కలుపుకుంట మా గల్లా మీద అటకెక్కి కూసున్న రౌటర్ గారికి, ప్రకాశం బజార్, నల్లగొండ.

అయ్యా, నిన్న మధ్యాహ్నం రెండు నిమిషాలు కరెంట్ పోయిన పాపానికి తమరు పండుకొని లేసిండ్రు. లెవ్వంగనే నెట్‌వర్క్‌ల ప్రింటర్ అడ్రస్ నంబర్ మార్చిండ్రు. పొద్దుగాల 192.168.1.7 ఉండె, లేసేసరికి 192.168.1.9. నంబర్లు పంచుడు తమరి పనేనట, డీహెచ్‌సీపీ అంటరట, మంచిదే. మరి మార్చిన ముచ్చట మా మూడు కంప్యూటర్లకు ఎవరు చెప్పాలె? అవి పాత నంబర్‌కే బిల్లులు పంపుకుంట ‘ఆఫ్‌లైన్’ ‘ఆఫ్‌లైన్’ అని ఒకటే గోల, సుట్టం ఇల్లు మారినంక పాతింటికి పెండ్లి పత్రిక పంచినట్టు. ఆ ప్రింటరేమో పచ్చలైటు ఏసుకొని నా మోచేతి పక్కనే ఉన్నది!

బయట దేవరకొండ మేస్త్రి ట్రాలీ నిండ పైపులు, ట్యాంకులు ఎక్కించుకొని నిలబడ్డడు. 64 వేల బిల్లు, 50 వేలు దాటింది కాబట్టి సరుకు బండి మీద పోవాలంటే ఉండాల్సిన ఈవే బిల్లు కూడ కొట్టిన, తెరమీద మంచిగ కనవడ్తున్నది, కాయితం మీదికే వస్తలేదు. కాయితాలు చేతిల పడందే బండి తియ్య అని డ్రైవర్. నెట్‌వర్క్ పెట్టుకున్న మొనగాణ్ణి, పెన్‌డ్రైవ్ పట్టుకొని జిరాక్స్ షాపుకు ఉరికిన, మూడు కాపీలు తీపిచ్చుకొచ్చిన. ఆడ లైన్ల నా ముంగట ఆధార్ జిరాక్సులోళ్ళు ఆరుగురు.

రిపేర్ తమ్ముడు ‘అరగంటల వస్త అన్నా’ అన్నడు, ఏడున్నరకొచ్చిండు. రెండు నిమిషాల పని. ప్రింటర్‌కు ఆ నంబర్ రిజర్వ్ చేసిన, ఇగ మారదు అన్నడు. మరి బిగిచ్చిననాడే ఎందుకు చెయ్యలేదు తమ్మీ అంటే ‘నువ్వడగలె కదన్నా’ అన్నడు. అరే, అసొంటిది ఒకటి ఉంటదని నాకేం తెలుసు రా! పైపులమ్ముకునేటోణ్ణి!

రౌటరూ, నిన్ను తీసి మూసీల ఇసిరేద్దామనుకున్న. కని నువ్వు రాకముందు ఇంచున్నర ఎల్బోలు ఎన్నున్నయో తెల్వాలంటే గోడౌన్ పోరనికి నాలుగుసార్లు ఫోన్ చెయ్యాలె, వాడు లెక్కపెట్టొచ్చేసరికి గిరాకి పక్క దుక్నంల ఉండేది. ఇప్పుడు గోడౌన్ల ఒక పెట్టె తీస్తే గల్లా కాడ లెక్క మారుతది, బయట నెట్ పోయినా లోపలి వైరు మీద బిల్లు నడుస్తది. ముగ్గురికి ఒక్కటే ప్రింటర్, అది కనవడ్తే.

రేపు నీకు చిన్న యూపీఎస్ తెస్తున్న. ఇగనన్న పట్టపగలు పండుకోకు.

ఇట్లు,
నీ పాస్‌వర్డ్ అడిగే గిరాకీలకు జవాబు చెప్పలేక సచ్చేటోడు